పడిపోయింది డేటాబేస్, మెమొరీ తిన్నది ఎవరు?

ప్రశ్న: నమస్కారం సార్. ఎంసీఏ చదివి ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. హాజరు, ఫీజులు, ఇంటర్నల్ మార్కులు, కాలేజీ వెబ్‌సైటు అన్నీ ఒకే అద్దె సర్వర్ మీద నడుస్తాయి. 4 జీబీ ర్యామ్, ఉబుంటు లైనక్స్, వెబ్ సర్వర్‌గా ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ, డేటాబేస్‌గా మైఎస్‌క్యూఎల్. జూలైలో పెట్టినప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు వరసగా మూడు వారాలు శనివారం అర్ధరాత్రి దాటాక, 2 గంటల తర్వాత డేటాబేస్ ఆగిపోయింది. రెండుసార్లు తనంతట తనే లేచింది. ఒకసారి లేవలేదు, ఉదయం 6 గంటలకు నేనే స్టార్ట్ చేశాను. నేను చూసే సమయానికి అంతా మామూలుగానే ఉంటుంది.

నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్ కమాండ్‌లో మెమొరీ కాలమ్ కూడితే 4,300 ఎంబీ వస్తోంది. మెషీన్‌లో ఉన్నదే 3,900. అందులో మైఎస్‌క్యూఎల్ 1,100, పీహెచ్‌పీ వర్కర్లు 30, ఒక్కొక్కటి 95 దాకా. ఫ్రీ కమాండ్ ఒక కాలమ్‌లో 120 ఖాళీ అంటుంది, ఇంకో కాలమ్‌లో 890 అంటుంది. తెలిసినవాళ్లు గంటకోసారి క్యాష్ ఖాళీ చేసే క్రాన్ (చెప్పిన వేళకు తనంతట తనే నడిచే పని) పెట్టమంటే పెట్టాను, అయినా పడింది. మైఎస్‌క్యూఎల్‌లో లీక్ ఉంది, దాన్ని మార్చేయమని మా మేనేజర్ గారు అంటున్నారు. ఆ సమయంలో వారం హాజరు రిపోర్ట్ ఒకటి నడుస్తుంది కానీ అది మొదటి నుంచీ ఉన్నదే. ఏ అంకెను నమ్మాలి? శనివారం వస్తోందంటే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దన్న పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం:

భయపడకండమ్మా. మీ మైఎస్‌క్యూఎల్‌లో లీక్ (తీసుకున్న మెమొరీని తిరిగి ఇవ్వకుండా పెరుగుతూ పోవడం) ఉందని నాకు అనిపించడం లేదు. మీరు చివర్లో, పెద్దగా పట్టించుకోకుండా రాసిన హాజరు రిపోర్ట్ దగ్గరే నా అనుమానం ఆగింది. దాని దగ్గరికి వెళ్లే ముందు మీ అంకెల చిక్కు విడదీయాలి. అది విడితే మేనేజర్ గారికి మీరే కాగితం మీద లెక్క వేసి చూపించగలరు. కమాండ్ల పేర్లు పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ముందు 120, 890 సంగతి. ఫ్రీ కమాండ్‌లో 'ఫ్రీ' అనే కాలమ్ ఎవరూ ముట్టుకోని మెమొరీని చూపిస్తుంది. అది తక్కువగా ఉండటం సర్వర్ ఆరోగ్యానికి గుర్తే తప్ప జబ్బుకు గుర్తు కాదు. లైనక్స్ ఖాళీ ర్యామ్‌ను ఊరికే ఉంచదు. డిస్క్ మీద నుంచి ఒకసారి చదివిన ఫైళ్లను అందులో పెట్టుకుంటుంది, దాన్నే క్యాష్ అంటారు. కిరాణా కొట్టులో ఎక్కువగా అడిగే సరుకును గోడౌన్‌లో ఉంచకుండా గల్లా పక్కనే పెట్టుకుంటారు చూడండి, అలాంటిది. ఎవరికైనా చోటు కావాలంటే ఆ సరుకును వెంటనే పక్కకు తీసేస్తుంది. ఇలా తీయగలిగినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) జోలికి వెళ్లకుండా కొత్త ప్రోగ్రాములకు ఎంత ఇవ్వగలదో కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) వేసే అంచనాయే 'అవైలబుల్' కాలమ్. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి ఇది ఉంది. అంతకుముందు మేమంతా ఫ్రీకి క్యాష్ కలిపి చేత్తో లెక్క వేసుకునేవాళ్లం. ఆ లెక్క తప్పు. క్యాష్ కాలమ్‌లో టెంప్‌ఎఫ్‌ఎస్ (ర్యామ్‌లోనే ఉండే) ఫైళ్లు, ప్రాసెస్‌లు పంచుకునే షేర్డ్ మెమొరీ కూడా కలిసి ఉంటాయి. వాటిని క్యాష్‌లాగా తీసి పారేయడం కుదరదు. కాబట్టి మీరు చూడాల్సింది 890. మిగతా కాలమ్‌లను కొన్నాళ్లు మర్చిపోయినా నష్టం లేదు.

ఆ గంటకోసారి నడిచే క్రాన్‌ను ఈ రోజే తీసేయండి. ఈ సలహా ఎంతమంది ఎన్నిచోట్ల ఇస్తుంటారో, చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. క్యాష్ ఖాళీ చేయగానే ఫ్రీ కాలమ్ ఒక్కసారిగా పెరుగుతుంది, మనసుకు హాయిగా ఉంటుంది. అవైలబుల్ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది, ఎందుకంటే ఆ క్యాష్ అందులో ముందే లెక్కలో ఉంది. మీకు కొత్తగా వచ్చిన మెమొరీ ఏమీ లేదు. గల్లా పక్కనున్న సరుకంతా గంటకోసారి గోడౌన్‌కి పంపి, వచ్చిన ప్రతి మనిషికీ మళ్లీ గోడౌన్ నుంచి మోసుకొచ్చినట్టు, మీ సర్వర్ డిస్క్ చుట్టూ తిరుగుతోంది, అంతే.

ఇక 3,900 ఉన్న మెషీన్‌లో 4,300 ఎలా వచ్చిందో చూద్దాం. పీఎస్‌లో మెమొరీకి రెండు కాలమ్‌లు ఉంటాయి. వీఎస్‌జెడ్ (టాప్‌లో దీన్నే విర్ట్ అంటారు) ప్రాసెస్ తన పేరు మీద రాసి పెట్టుకున్న చిరునామాల మొత్తం. పెళ్లికి వెయ్యి కార్డులు అచ్చు వేయించినంత మాత్రాన వెయ్యి కుర్చీలు నిండవు కదా. జావా, గో ప్రోగ్రాములు గిగాబైట్ల కొద్దీ వీఎస్‌జెడ్ చూపిస్తాయి, దాన్ని చూసి కంగారు పడకండి. ఆర్‌ఎస్‌ఎస్ (టాప్‌లో రెస్) నిజంగా ర్యామ్‌లో కూర్చున్నది. మీరు కూడింది దీన్నే. ఎంచుకున్న కాలమ్ సరైనదే, కూడటంలోనే తప్పు వచ్చింది.

అపార్ట్‌మెంట్‌లో 30 ఫ్లాట్లు, ఒక లిఫ్టు ఉన్నాయనుకోండి. ప్రతి ఫ్లాట్ యజమాని తన ఆస్తి రాసేటప్పుడు లిఫ్టును కూడా తన ఖాతాలో వేసుకుంటే, కాగితాల్లో 30 లిఫ్టులు కనిపిస్తాయి. ఆర్‌ఎస్‌ఎస్ అలాంటిది. మీ పీహెచ్‌పీ వర్కర్లన్నీ ఒకే తల్లి ప్రాసెస్ నుంచి పుట్టినవి. లైబ్రరీలు, ఓపీక్యాష్ అనే ఉమ్మడి భాగం ర్యామ్‌లో ఒక్కసారే ఉంటాయి కానీ 30 వర్కర్ల లెక్కలోనూ కనిపిస్తాయి. ఒక్కో వర్కర్ 95లో 45 ఎంబీ ఉమ్మడిది అనుకుందాం. అంటే మీరు 45ను 30 సార్లు కూడారు, 1,350 అయింది. నిజంగా ఉన్నది 45. ఎక్కువ పడిన 1,305ను 4,300 నుంచి తీసేస్తే 2,995. మెషీన్‌లో 3,900 నుంచి అది తీసేస్తే 905 మిగులుతుంది. మీ ఫ్రీ కమాండ్ చెప్పిన 890కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. 45 నా ఊహే, కానీ రెండు లెక్కలూ ఇలా కలుస్తున్నాయంటే ఊహ పెద్దగా తప్పలేదనే అర్థం.

ఊహతో పని లేకుండా కొలవాలంటే పీఎస్‌ఎస్, యూఎస్‌ఎస్ అని ఇంకో రెండు అంకెలు ఉన్నాయి. లిఫ్టు ఖర్చును ఫ్లాట్ల సంఖ్యతో భాగించి ఒక్కొక్కరి వంతు వేస్తే అది పీఎస్‌ఎస్. దీన్ని అన్ని ప్రాసెస్‌లకూ నిశ్చింతగా కూడుకోవచ్చు. లిఫ్టును పూర్తిగా వదిలేసి ఫ్లాట్ ఒక్కదాన్నే లెక్కేస్తే యూఎస్‌ఎస్. ఆ ప్రాసెస్‌ను ఆపితే తిరిగొచ్చే మెమొరీ దాదాపు అదే. స్మెమ్ అనే చిన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి రూట్‌గా నడిపితే మూడూ పక్కపక్కనే చూపిస్తుంది. 4.14 కెర్నల్ నుంచి, కెర్నల్ తన లెక్కలు చూపించే ప్రాక్ డైరెక్టరీలో, ఒక్కో ప్రాసెస్ నంబరు కింద, స్మ్యాప్స్ రోలప్ అనే ఫైల్‌లో కూడా ఇవి కలిపి దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: ఇవి చదవాలంటే కెర్నల్ ఆ ప్రాసెస్ పేజీలన్నీ తిరిగి లెక్కపెట్టాలి. మైఎస్‌క్యూఎల్ లాంటి పెద్ద ప్రాసెస్ మీద సెకనుకోసారి నడపకండి. రోజుకు ఒకటి రెండుసార్లు చేత్తో చూసుకోవడానికి చాలు.

సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో మైఎస్‌క్యూఎల్ సర్వీసు ముందు మెమొరీ అని ఇంకో అంకె కనిపిస్తుంది. మీ మేనేజర్ గారు అది చూసి ఉంటారేమో. అందులో ఆ సర్వీసు చదివిన ఫైళ్ల క్యాష్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆర్‌ఎస్‌ఎస్ కంటే బాగా పెద్దగా కనిపించొచ్చు. అది లీక్ కాదు.

ఇక్కడే ఇంకో మాట. మైఎస్‌క్యూఎల్ రీస్టార్ట్ అయ్యాక దాని మెమొరీ కొన్ని గంటలు, ఒక్కోసారి కొన్ని రోజులు పెరుగుతూనే ఉంటుంది. ఇన్నోడీబీ బఫర్ పూల్ (డేటాబేస్ తన డేటాను ర్యామ్‌లో పెట్టుకునే చోటు) నిండే దాకా అంతే. మీరేమీ ముట్టుకోకపోతే ఆ పూల్ 128 ఎంబీ ఉంటుంది. మీకు 1,100 కనిపిస్తోందంటే ఎవరో దాన్ని 1 జీబీకి పెంచి ఉంటారు, 4 జీబీ మెషీన్‌కి అది తప్పు కూడా కాదు. పెరిగి, ఒక ఎత్తుకు వచ్చి, అక్కడ నిలబడేది లీక్ కాదు. మెట్లెక్కుతూ ఎన్నాళ్లకూ నిలబడనిది, రాత్రి జనం లేనప్పుడు కూడా దిగనిది లీక్ కావచ్చు. వారం పది రోజుల రాత పక్కన పెట్టుకుంటే తప్ప ఆ తేడా కళ్లకు కనబడదు. ఒక్క పూట చూసి లీక్ అనడం నాకు నచ్చదు.

ఇక శనివారం రాత్రికి వద్దాం.

మెమొరీ పూర్తిగా అయిపోయి, క్యాష్ కూడా పిండేశాక, కెర్నల్ ఎవరో ఒకరిని చంపి మిగతావాళ్లను బతికిస్తుంది. దాన్నే ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమొరీ) కిల్లర్ అంటారు. అది ఎవరిని ఎంచుకుంటుందన్నదే ఇక్కడ అసలు సంగతి. 'ఇప్పుడు గబగబా తింటున్నది ఎవరు' అని అది చూడదు. 'ఈ క్షణాన అందరికంటే ఎక్కువ పట్టుకుని కూర్చున్నది ఎవరు' అని చూస్తుంది. మీ మెషీన్‌లో ఆ పెద్దది ఎప్పుడూ మైఎస్‌క్యూఎలే.

ఇప్పుడు ఆ రాత్రిని ఊహించండి. 2 గంటలకు హాజరు రిపోర్ట్ మొదలవుతుంది. అది పీహెచ్‌పీలో రాసి క్రాన్‌తో నడిపేదే అయి ఉండాలి. వెబ్ ద్వారా నడిచే పీహెచ్‌పీకి మెమొరీ లిమిట్ ఉంటుంది. ఉబుంటులో కమాండ్ లైన్ పీహెచ్‌పీకి మాత్రం ఆ లిమిట్‌ను మైనస్ 1గా పెట్టి ఇస్తారు, అంటే హద్దే లేదు. దానికి తోడు పీహెచ్‌పీ మామూలుగా మైఎస్‌క్యూఎల్‌ను అడిగినప్పుడు, వచ్చే ఫలితం మొత్తాన్ని ముందు తన మెమొరీలోకి తెచ్చుకుని ఆ తర్వాతే మీకు వరుసలు ఇస్తుంది. జూలైలో మూడు వారాల హాజరు. ఇప్పుడు సెమిస్టర్ మొత్తం హాజరు, ప్రతి విద్యార్థి, ప్రతి పీరియడ్. రిపోర్ట్ కోడ్ మారలేదు, దాని కడుపులో పడే డేటా వారం వారం పెరిగింది. 'మొదటి నుంచీ ఉన్నదే' అని మీరు రాసింది నిజమే, కానీ జూలై నాటి రిపోర్ట్, ఇప్పటి రిపోర్ట్ ఒకటి కావు.

రిపోర్ట్ 300, 500, 700 ఎంబీ దాటి 890 దగ్గరికి వచ్చేసరికి మెషీన్‌లో చోటు అయిపోయింది. అప్పుడు కెర్నల్ చూస్తే రిపోర్ట్ 890, మైఎస్‌క్యూఎల్ 1,100. పెద్దది పోయింది. డేటాబేస్ పోగానే రిపోర్ట్‌కి కనెక్షన్ తెగి, అది కూడా ఎర్రర్‌తో ఆగిపోయింది, తిన్న మెమొరీ అంతా వదిలేసింది. మీరు ఉదయం లాగిన్ అయ్యేసరికి తిన్నవాడూ లేడు, తిన్న ఆనవాలూ లేదు. మిగిలింది చచ్చిపోయిన డేటాబేస్ ఒక్కటే, నింద దాని మీద పడింది.

ఇది నాకు అనుభవమైన సంగతే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట నేను పని చేసిన ఒక సంస్థలో సరిగ్గా ఇలాగే డేటాబేస్ పడిపోతుండేది. రెండు వారాలు డేటాబేస్ సెట్టింగులే మార్చాం. బఫర్ తగ్గించాం, వెర్షన్ మార్చాం, రాత్రుళ్లు వంతులు వేసుకుని కూర్చున్నాం. చివరికి రాత్రి లాగ్ ఫైళ్లను కుదించే ఒక చిన్న స్క్రిప్టు దొరికింది. ఫైల్ మొత్తాన్ని ఒక్కసారిగా మెమొరీలోకి చదివేది. దాని వైపు అప్పటిదాకా ఎవరం చూడలేదు, ఎందుకంటే పగలు అది ఏ లిస్టులోనూ కనిపించదు. అన్ని రాత్రులు మేలుకున్నాం కానీ నిమిషానికోసారి నాలుగు అంకెలు ఫైల్‌లో రాసి పెట్టాలని మొదటి రోజే ఎవరికీ తోచలేదు.

నా ఊహను మీరు నమ్మాల్సిన పని లేదు, సాక్ష్యం మీ సర్వర్‌లోనే ఉంది. జర్నల్‌సీటీఎల్‌కు హైఫన్ కె ఇస్తే కెర్నల్ సందేశాలు వస్తాయి. ఆ తేదీ, ఆ సమయం పెట్టి 'అవుట్ ఆఫ్ మెమొరీ' అన్న మాట వెతకండి. ఎవరిని చంపిందో, అది ఎంత పట్టుకుని ఉందో కిలోబైట్లలో ఆ లైన్‌లో ఉంటుంది. దానికి కొద్దిగా పైన 'ఇన్వోక్డ్ ఓఓఎం కిల్లర్' అని ఒక ప్రాసెస్ పేరు కనిపిస్తుంది. దాన్ని చూసి దొంగ దొరికాడనుకోకండి. అది కేవలం ఆ క్షణాన మెమొరీ అడిగి దొరకనిది, ఎన్‌జిన్‌ఎక్స్ కూడా కావచ్చు. అసలు విలువైనది ఈ రెండు లైన్ల మధ్య వచ్చే పట్టిక. ఆ క్షణంలో బతికున్న ప్రతి ప్రాసెస్ అందులో ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ పట్టికలో ఆర్‌ఎస్‌ఎస్ కిలోబైట్లలో కాదు, పేజీల్లో ఉంటుంది. మీ మెషీన్‌లో ఒక పేజీ 4 కేబీ. 2,25,000 అని కనిపిస్తే 4తో గుణించండి, 9,00,000 కేబీ, అంటే దాదాపు 880 ఎంబీ. పీహెచ్‌పీ అని రాసి ఉండి, ఎఫ్‌పీఎం (వెబ్ వర్కర్) కానిది, ఇంత పెద్ద అంకెతో అక్కడ ఉంటే మీ కేసు తేలిపోయినట్టే.

జర్నల్ పాతది చెరిగిపోయి ఉంటే వచ్చే శనివారం కోసం కాచుకోవాలి, కానీ మీరు మేలుకుని కాదు. క్రాన్‌లో నిమిషానికోసారి నడిచేలా ఒక చిన్న స్క్రిప్టు పెట్టండి. మొదటి లైన్ తేదీ, సమయం. రెండోది ప్రాక్ డైరెక్టరీలోని మెమ్‌ఇన్ఫో ఫైల్ నుంచి మెమ్‌అవైలబుల్ అనే వరుస. తర్వాత పీఎస్‌ను ఆర్‌ఎస్‌ఎస్ ప్రకారం పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేసి, పైనుంచి పది వరుసలు, ప్రాసెస్ పేరుతో పాటు పూర్తి కమాండ్ కూడా వచ్చేలా. ఉత్త 'పీహెచ్‌పీ' అని వస్తే ఏ స్క్రిప్టో తెలియదు. ఇదంతా ఒక లాగ్ ఫైల్‌కు చివర చేర్చాలి. పాత లాగ్‌లను తీసేసే లాగ్‌రొటేట్‌లో ఆ ఫైల్ పేరు వేయడం మర్చిపోకండి, లేకపోతే రేపు డిస్క్ నిండిందని ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుంది.

చేత్తో రాయడం ఇష్టం లేకపోతే ఏటాప్ అనే ప్యాకేజీ ఉంది. నాకు చాలా ఇష్టమైనది. ఇది ప్రాసెస్‌లతో సహా సర్వర్ స్థితిని ఫైల్‌లో దాచిపెడుతుంది. మర్నాడు హైఫన్ ఆర్ ఇచ్చి ఆ రోజు ఫైల్ తెరిచి, చిన్న టి నొక్కుతూ ముందుకు, పెద్ద టి నొక్కుతూ వెనక్కి వెళ్లొచ్చు. చిన్న ఎం నొక్కితే మెమొరీ వివరాలు వస్తాయి. మామూలుగా అది 10 నిమిషాలకోసారి దాచుకుంటుంది. మీ రిపోర్ట్ ఆ మధ్యలోనే పుట్టి చచ్చిపోతుంది కాబట్టి దాన్ని 60 సెకన్లకు తగ్గించండి. సిస్‌స్టాట్ ప్యాకేజీలో వచ్చే సార్ కూడా మంచిదే కానీ అది మొత్తం సర్వర్ లెక్కే రాస్తుంది, ఏ ప్రాసెస్ తిన్నదో చెప్పదు. అదే ప్యాకేజీలో ఉన్న పిడ్‌స్టాట్ చెబుతుంది, కానీ దాన్ని మీరు ప్రత్యేకంగా నడుపుతూ ఉండాలి. టాప్, హెచ్‌టాప్ మీరు ఎదురుగా కూర్చున్నప్పుడు బాగుంటాయి. టాప్‌లో పెద్ద ఎం నొక్కితే మెమొరీ ప్రకారం వరుస మారుతుంది. హెచ్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ నలభై సార్లు కనిపిస్తే హడలిపోకండి, అవి థ్రెడ్లు, అన్నీ ఒకే మెమొరీ. పెద్ద హెచ్ నొక్కితే దాక్కుంటాయి.

శనివారం దాకా ఆగలేనంటే ఇంకో దారి ఉంది, నేనైతే ఇదే ముందు చేస్తాను. మధ్యాహ్నం జనం తక్కువ ఉన్నప్పుడు, డేటాబేస్ కాపీని మీ సొంత కంప్యూటర్లో పెట్టుకుని, రిపోర్ట్‌ను టైమ్ ప్రోగ్రాముకు హైఫన్ వి ఇచ్చి దాని కింద నడపండి. షెల్‌లో అదే పేరుతో ఉన్న సొంత టైమ్ కాకుండా, యూఎస్‌ఆర్ బిన్ డైరెక్టరీలో ఉన్నదాన్ని పూర్తి దారితో పిలవాలి. పని అయ్యాక 'మాగ్జిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్' అని ఒక వరుస ఇస్తుంది. ఆ స్క్రిప్టు అత్యధికంగా ఎంత తిన్నదో కిలోబైట్లలో అదే. ఆ ఒక్క అంకె పట్టుకెళ్లి మేనేజర్ గారి ముందు పెట్టండి. ఇప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌కైతే ప్రాక్‌లో దాని నంబరు కింద స్టేటస్ ఫైల్‌లో వీఎం హెచ్‌డబ్ల్యూఎం అనే వరుస ఇదే చెబుతుంది, అంటే ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి ఎక్కిన అతి పెద్ద ఎత్తు.

దొంగ అదేనని తేలాక ఏం చేయాలి? రిపోర్ట్ స్క్రిప్టును బాగుచేయించడమే అసలు మందు. కాలేజీ మొత్తాన్ని ఒకేసారి అడగకుండా బ్రాంచి బ్రాంచికి, లేదా సెక్షన్‌కు ఒకసారి అడిగి, రాసేసి, వదిలేసి, తర్వాతిది అందుకోవాలి. పైగా మొత్తాలు కూడే పనిని పీహెచ్‌పీలో కాకుండా డేటాబేస్‌లోనే గ్రూప్ బైతో చేయిస్తే వచ్చే వరుసలు బాగా తగ్గిపోతాయి. ఇది రాసినవాళ్లకు ఒక పూట పని.

అప్పటిదాకా, ఈ శనివారానికే, క్రాన్ లైన్‌లో పీహెచ్‌పీకి హైఫన్ డి ఇచ్చి మెమొరీ లిమిట్ 512 ఎంబీ పెట్టండి. రిపోర్ట్ ఆ హద్దు దాటితే తనే ఎర్రర్ రాసి ఆగిపోతుంది. ఆదివారం రిపోర్ట్ రాదు, హెచ్‌ఓడీలు అడుగుతారు. పరవాలేదు. పరీక్ష ఫీజు కట్టే పిల్లలకు సైటు ఆగిపోవడం కంటే అది నయం. పీహెచ్‌పీ కాని ప్రోగ్రాములకు సిస్టమ్‌డీ రన్‌తో మెమొరీ మ్యాక్స్ పెట్టి నడిపితే ఇలాంటి హద్దే వస్తుంది.

రెండోది, 2 జీబీ స్వాప్ ఫైల్ పెట్టండి. అద్దె సర్వర్లలో చాలావాటికి స్వాప్ ఉండదు, మీకూ ఉండి ఉండదు. స్వాప్ ర్యామ్‌కు బదులు కాదు, కానీ ఒక్కసారిగా కొండ మీద నుంచి పడకుండా వాలులో జారేలా చేస్తుంది, మీకు అలర్ట్ అందే సమయం దొరుకుతుంది. స్వాప్‌లో ఎంత నిండిందన్నది ముఖ్యం కాదు. ఎప్పుడో వాడి వదిలేసినవి అక్కడ నిద్రపోతుంటాయి. వీఎంస్టాట్‌కు 1 ఇచ్చి నడిపితే ఎస్‌ఐ, ఎస్‌ఓ అని రెండు కాలమ్‌లు వస్తాయి. అవి సున్నాల దగ్గర ఉంటే హాయి. రెండూ ఆగకుండా పెద్ద అంకెలు చూపిస్తుంటే మెషీన్ ఊపిరాడక కొట్టుకుంటోందని అర్థం. 4.20 నుంచి కెర్నల్‌లో ఆ ఊపిరాడకపోవడాన్నే కొలిచే ప్రెషర్ లెక్క కూడా వచ్చింది. ప్రాక్‌లో ప్రెషర్ కింద మెమొరీ అనే ఫైల్ చూడండి. ప్రాసెస్‌లు మెమొరీ కోసం ఎంత శాతం సమయం ఆగాల్సి వచ్చిందో 10, 60, 300 సెకన్ల సగటుగా ఉంటుంది. మీ సర్వర్‌లో స్వాప్ లేకపోయినా ఇది పనికొస్తుంది, ఎందుకంటే చావుకు ముందు కెర్నల్ ప్రోగ్రాముల కోడ్ పేజీలనే తీసేస్తూ మళ్లీ చదువుతూ కొట్టుకుంటుంది. ఆ కొన్ని నిమిషాలు ఈ ఫైల్‌లో స్పష్టంగా కనిపిస్తాయి.

మూడోది, మైఎస్‌క్యూఎల్‌కు కొంచెం రక్షణ. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో దాని సర్వీసులో ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ మైనస్ 300 పెట్టండి. ఒక్కో పాయింటు ర్యామ్, స్వాప్ కలిపిన మొత్తం మెమొరీలో వెయ్యో వంతు. అంటే స్వాప్ లేకుండా చూసినా మీ మెషీన్‌లో 300కి 1,170 ఎంబీ, స్వాప్ పెట్టాక ఇంకా ఎక్కువ. లెక్కలో మైఎస్‌క్యూఎల్ తన 1,100 నుంచి అంత తగ్గి సున్నా కంటే కిందికి వస్తుంది, కెర్నల్ కళ్లు నిజంగా తింటున్నదాని మీద పడతాయి. మైనస్ 1,000 దాకా వెళ్లొచ్చు కానీ అలా చేస్తే దాన్ని అసలు ముట్టుకోరు. రేపు నిజంగానే డేటాబేస్‌కే ఏదైనా అయితే చుట్టూ ఉన్నవన్నీ చస్తాయి. నేను అంత దూరం వెళ్లను.

పీహెచ్‌పీ వర్కర్లు 30 కూడా కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. పగలు ఒక్కొక్కటి సొంతంగా 50 తింటున్నాయి, సరే. ఫలితాల రోజున పిల్లలంతా పీడీఎఫ్‌లు దించుకుంటుంటే ఒక్కొక్కటి 100 దాకా పోవచ్చు, అప్పుడు 3,000 ఒక్క పీహెచ్‌పీకే. ఎఫ్‌పీఎం సెట్టింగుల్లో మ్యాక్స్ చిల్డ్రన్‌ను 22కు తగ్గించండి. మ్యాక్స్ రిక్వెస్ట్స్ మామూలుగా సున్నా ఉంటుంది, అంటే వర్కర్ ఎప్పటికీ మారదు. దాన్ని 500 చేస్తే, ప్రతి వర్కర్ ఐదు వందల పనులయ్యాక చచ్చి కొత్తగా పుడుతుంది, ఎక్కడైనా చిన్న చిన్న లీకులుంటే పోగుపడవు.

అలర్ట్ ఒక్కటి చాలు. అవైలబుల్ 400 ఎంబీ కంటే తగ్గి ఐదు నిమిషాలు అలాగే ఉంటే మీ ఫోన్‌కు మెసేజ్. ఫ్రీ కాలమ్ మీద, శాతాల మీద అలర్ట్‌లు పెట్టకండి. రోజుకు పది వచ్చి, పదకొండోది నిజమైనది వచ్చినా మీరు చూడరు.

8 జీబీకి మారదామని ఎవరైనా అంటే, డబ్బుంటే మారండి, తప్పు లేదు. కానీ రిపోర్ట్‌ను అలాగే వదిలి మారితే, వచ్చే సెమిస్టర్లలో డేటా పెరిగినప్పుడు ఇదే శనివారం మళ్లీ వస్తుంది. ముందు లాగ్ స్క్రిప్టు పెట్టి, శనివారం రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకోండి. ఆదివారం ఉదయం ఆ ఫైల్‌లో 1:55 నుంచి 2:30 దాకా ఉన్న వరుసలు నాకు పంపండి. నేను చెప్పిన చోట కాకుండా ఇంకోచోట పెరుగుదల కనిపిస్తే, ఆ వరుసలు పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చూద్దాం.